రైలు నేల మీద ఎవరి చట్టం?

(గోదావరి ఉత్తర తీరం: చరిత్ర ధారావాహిక)

లక్సెట్టిపేట ఊళ్లోకి రైలు రాలేదు. తాలూకా కచేరీ ఇక్కడే ఉండేది. జగిత్యాల నుంచి ధర్మపురి మీదుగా గోదావరి దాటి వచ్చే బాట, చెన్నూరు వైపు పోయే బాట కలిసేదీ ఇక్కడే. అయినా పట్టాలు వేసినవాళ్లు ఊరికి తూర్పున సుమారు పాతిక కిలోమీటర్ల అవతల, అదే తాలూకాలోని మంచిర్యాల దగ్గర నదిని దాటి ఉత్తరానికి సాగిపోయారు. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మీదుగా బల్లార్షా దాకా పోయే ఆ లైను 1920లలో ముక్కలు ముక్కలుగా తెరుచుకుని 1929 నాటికి పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది అప్పుడే. పెషావర్, మంగళూరుల మధ్య గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ ఏడే.

1905లో ఈ తాలూకా ఎల్గందల్ జిల్లా నుంచి విడిపోయి ఆదిలాబాద్‌లో చేరిన సంగతి ముందే చెప్పుకున్నాం. ఇప్పుడు రైలు దగ్గరికి వచ్చాం. వంతెనల పొడవులు, ఇంజన్ల బరువులు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను పట్టి నిలిపింది వేరే ప్రశ్న. ఎడ్ల బండి కట్టుకుని లక్సెట్టిపేట నుంచి మంచిర్యాల చేరిన రైతు టిక్కెట్టు కొని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక ఎవరి చట్టం కింద ఉన్నట్టు? అతన్ని ఎవరు ఏమనవచ్చు? అతను ఎవరిని ఏమడగవచ్చు?

జవాబు కోసం లైను పుట్టుక దాకా పోవాలి.

సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు 1874లో రైలు నడిచింది. అది నిజాం రాజ్యపు తొలి రైలు. 1880ల మొదట్లో దాన్ని వరంగల్ దాకా పొడిగించి, అక్కడి నుంచి ఒక కొమ్మను బెజవాడకు, మరో కొమ్మను చాందాకు తీసుకుపోవాలన్న ఆలోచన వచ్చింది. ఇప్పటి చంద్రపూర్‌ను మన వైపు పాతవాళ్లు నేటికీ చాందా అనే అంటారు. డబ్బు లండన్‌లో షేర్లు అమ్మి తేవాలి. షేర్లు కొన్నవాళ్లకు ఏటా నూటికి 5 చొప్పున 20 ఏళ్ల పాటు వడ్డీ ముట్టేట్టు నిజాం సర్కారు పూచీ పడాలి. రైలు లాభం తెచ్చినా తేకపోయినా వడ్డీ మాత్రం ఖజానా నుంచి పోవాల్సిందే. 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అన్న పేరులోని గ్యారంటీ ఈ పూచీయే. ఆ ఖజానా నిండేది రైతు కట్టే శిస్తుతో.

1883 ఫిబ్రవరిలో దివాన్ మొదటి సాలార్ జంగ్ హఠాత్తుగా చనిపోయారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి మైనారిటీ తీరలేదు. అలాంటి సమయంలో ఇంత పెద్ద ఒప్పందం చాటుగా కుదురుతుంటే హైదరాబాద్‌లో కొందరు ఊరుకోలేదు. ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసి వచ్చి హైదరాబాద్‌లో కళాశాల నడుపుతున్న అఘోరనాథ్ చటోపాధ్యాయ, ఆయనతో పాటు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, షరతులు ప్రజల ముందు పెట్టండి, చర్చించాకే సంతకాలు చేయండి అని అడిగారు. అడిగినందుకు అఘోరనాథ్‌ను ఆ మే నెలలో రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. అప్పటికి ఆయన కూతురు సరోజినికి నాలుగేళ్లు. తర్వాత దేశమంతా సరోజినీ నాయుడుగా ఎరిగింది ఆమెనే. అబ్దుల్ ఖయ్యూంకూ అదే శిక్ష పడింది. ఆ డిసెంబరులో ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి.

చరిత్రకారులు దీన్ని చాందా రైల్వే ఆందోళన అంటారు. హైదరాబాద్ రాజ్యంలో చదువుకున్నవాళ్లు సర్కారును బహిరంగంగా లెక్క అడిగిన తొలి సందర్భాల్లో అదొకటి. మన తాలూకా మీదుగా పోవాల్సిన లైను కోసం అంత గొడవ జరిగింది. తీరా లైను మాత్రం రాలేదు. రైలు 1886లో వరంగల్ చేరింది. ఇల్లందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి కొమ్మ పడింది. 1889కి బెజవాడ కూడా కలిసింది. చాందా కొమ్మ నలభై ఏళ్ల పాటు కాగితం మీదే ఉండిపోయింది. అన్నేళ్లూ గోదావరి ఇవతలి టేకు, పత్తి, ఆముదాలు ఎడ్ల బండ్ల మీదే కదిలాయి. నిర్ణయం లండన్‌లోనూ బ్రిటిష్ రెసిడెన్సీలోనూ జరుగుతుంటే అడవి తాలూకాల గోడు వినేదెవరు?

ఇక చట్టం సంగతి. రాజ్యం నిజాందే అయినా రైలు నడిపేది లండన్‌లో షేర్లు అమ్మిన ఆ గ్యారంటీడ్ రైల్వే కంపెనీ. పట్టాలు, స్టేషన్లు, వాటి చుట్టూ కంచె వేసిన నేల వరకు సివిల్, క్రిమినల్ అధికారాన్ని నిజాం సర్కారు ఉత్తర ప్రత్యుత్తరాల ద్వారా బ్రిటిష్ వాళ్లకు వదిలింది. సంస్థానాల గుండా పోయే పెద్ద లైన్లన్నిటి మీదా ఇదే పద్ధతి. బ్రిటిష్ ఇండియా రైల్వే చట్టాన్నే ఆ నేలకూ వర్తింపజేశారు. దాంతో కంచెకు అవతల నిజాం కొత్వాలు, ఫసలీ లెక్కలు, ఉర్దూ కచేరీ ఉంటే ఇవతల రెసిడెంటు మాట, ఇంగ్లీషు చట్టం నడిచేవి. కంచె దాటి రావడానికి రెండు అడుగులు చాలు.

మరి ఆ నేల మీద బ్రిటిష్ అధికారానికి హద్దు ఎక్కడ? ఈ ప్రశ్న మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే హైదరాబాదీ వల్ల లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. సిమ్లాలో జరిగిందన్న నేరానికి అక్కడి మేజిస్ట్రేటు వారంటు రాశాడు. దాన్ని పట్టుకుని పోలీసులు హైదరాబాద్‌కూ వాడికీ మధ్య నిజాం రైలు స్టేషన్‌లో ఆయన్ను అరెస్టు చేశారు. నేరానికీ రైలుకూ ఏ సంబంధమూ లేదు. హైదరాబాద్ రాజ్యంలోకి పోయి అరెస్టు చేయడం కుదరదు కాబట్టి, మనిషి రైలు నేల మీదికి వచ్చినప్పుడు పట్టుకున్నారు. 1897లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఆ నేల నిజాం రాజ్యంలో భాగంగానే ఉందనీ, అధికారం వదిలింది రైల్వే అవసరాల మేరకేననీ, ఎక్కడి నేరానికో అక్కడ అరెస్టు చేయడం చెల్లదనీ తేల్చింది.

ఈ తీర్పు గురించి మన వైపు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. తెలియాల్సిన తీర్పు ఇది. రైలెక్కినంత మాత్రాన మనిషి తన రాజ్యపు రక్షణను పూర్తిగా పోగొట్టుకోడని సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది. అంతటితో పేచీ తీరలేదు. కాజీపేట–బల్లార్షా లైను పూర్తవుతున్న 1928–29 రోజుల్లోనే సంస్థానాలకూ బ్రిటిష్ సర్కారుకూ ఉన్న సంబంధాలను పరిశీలించిన బట్లర్ కమిటీ ముందు సంస్థానాలు పెట్టిన ఫిర్యాదుల్లో రైలు నేల మీది అధికారం ఒకటి. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. పేరులోంచి గ్యారంటీ పోయి అది నిజాం స్టేట్ రైల్వే అయింది.

ఇప్పుడు మన రైతును టిక్కెట్టు కిటికీ దగ్గరికి తీసుకుపోదాం.

అతని చేతికి వచ్చిన టిక్కెట్టు రెండు వేళ్ల వెడల్పున్న గట్టి అట్టముక్క. దాన్ని కనిపెట్టింది థామస్ ఎడ్మండ్సన్ అనే ఇంగ్లండ్ స్టేషన్ ఉద్యోగి. అంతకు ముందు ఆయన చెక్క సామాన్ల వ్యాపారం చేసి దివాలా తీశాడు. అప్పట్లో ఒక్కో ప్రయాణికుడికీ కాగితం మీద చేత్తో రాసి ఇచ్చేవారు. దొంగలెక్కలకు దారి ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువ. 1836 ప్రాంతంలో ఎడ్మండ్సన్ అట్టముక్కల మీద ఊరి పేర్లు, వరస నంబర్లు అచ్చేయించి ఒకదాని మీద ఒకటి గొట్టంలో పేర్చాడు. అమ్మేటప్పుడు చిన్న యంత్రంలో దూర్చి నొక్కితే టక్కున తేదీ పడుతుంది. సాయంత్రం గొట్టంలో పైనున్న నంబరు చూస్తే ఎన్ని అమ్ముడయ్యాయో తెలిసిపోతుంది. నూట యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఆ టిక్కెట్టే నడిచింది. కంప్యూటర్లు వచ్చేదాకా మంచిర్యాల ప్రయాణికులు జేబులో పెట్టుకున్నదీ అదే. పిల్లలు వాటిని దాచుకుని ఆడుకునేవాళ్లు.

ఆ అట్టముక్క వెనక ఉన్నది 1890 నాటి భారత రైల్వే చట్టం. దేశంలో తొలి రైలు బొంబాయి–ఠాణా మధ్య 1853లో నడిస్తే, మరుసటి ఏడే మొదటి రైల్వే చట్టం వచ్చింది. 1854 చట్టంలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. టిక్కెట్లు కొన్నవాళ్లందరికీ బండిలో చోటు లేకపోతే దూరం పోయేవాళ్లకు ముందు చోటివ్వాలి. ఒకే దూరం పోయేవాళ్లలో ముందు టిక్కెట్టు కొన్నవాడికి ఇవ్వాలి. సర్కారు పని మీద పోయే అధికారులకు, సిపాయిలకు మాత్రం ఈ వరస వర్తించదు. రిజర్వేషన్ అన్న ఊహ కూడా లేని రోజుల్లో ఇదొక న్యాయమైన లెక్క. 1890 చట్టం ఇంకో హక్కును స్పష్టంగా రాసింది. టిక్కెట్టు కొన్నాక బండిలో చోటు దొరకకపోతే, బండి వెళ్లిన మూడు గంటల్లోపు టిక్కెట్టు తిరిగిస్తే అక్కడికక్కడే డబ్బు వాపసు ఇవ్వాలి.

ప్రతి డబ్బాలోనూ ఎంతమంది ఎక్కవచ్చో లోపలో బయటో కనపడేట్టు రాసి పెట్టాలని అదే చట్టం చెప్పింది. ఇంగ్లీషులో గానీ, ఆ ప్రాంతపు భాషల్లో గానీ, రెండిట్లో గానీ రాయవచ్చు. రైళ్ల వేళలు, ఛార్జీల పట్టిక స్టేషన్‌లో వేలాడదీయాలి. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కానీ మూడో తరగతి ప్రయాణికుల్లో అక్షరాలు వచ్చినవాళ్లు ఎందరు? నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ, రైల్వే పనులన్నీ ఇంగ్లీషులో. గోదావరి ఇవతలి పల్లెల్లో తెలుగు, గోండి, మరాఠీ మాట్లాడుతారు. చదవగలిగితేనే హక్కు హక్కవుతుంది. స్టేషన్ మాస్టరు చెప్పిందే చట్టంగా అక్కడ ఎన్నాళ్లు చెల్లి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

తేదీల గొడవ వేరే. లక్సెట్టిపేట కచేరీలో శిస్తు రసీదు మీద ఆజూర్, దై, బహమన్ నెలలు రాసేవాళ్లు. ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. మంచిర్యాల స్టేషన్‌లో ఇంగ్లీషు నెలలు, గంటలు, నిమిషాలు. ఆ గంటలకూ ఒక చరిత్ర ఉంది. 1870 నుంచి దేశంలోని రైళ్లు ఎక్కువగా మద్రాసు కాలాన్ని బట్టి నడిచాయి. 1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే ఇండియన్ స్టాండర్డ్ టైం వచ్చింది. పొద్దు చూసి వేళ చెప్పే రైతు బండి తప్పిపోతుందన్న భయంతో ముందు రోజు రాత్రే స్టేషన్‌కు చేరి మూట మీద తల పెట్టుకుని పడుకోవడం నిన్నమొన్నటి దాకా ఉన్న అలవాటే.

డబ్బాలోకి ఎక్కాక నిబంధనలు ఇంకా దగ్గరికొస్తాయి. తోటివాళ్లు ఒప్పుకోకుండా చుట్ట గానీ బీడీ గానీ కాలిస్తే 20 రూపాయల దాకా జరిమానా. కల్లు తాగి గొడవ చేసినా, బూతులు మాట్లాడినా 50 రూపాయల దాకా జరిమానా వేసి దింపేయవచ్చు. కదిలే బండి ఎక్కినా దిగినా 20, డబ్బా పైకప్పు మీద గానీ మెట్ల మీద గానీ పోతే 50. సరైన కారణం లేకుండా గొలుసు లాగితే 50. ఆ యాభై రూపాయల బోర్డు స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు మన డబ్బాల్లో గొలుసు పక్కనే ఉండేది. అంటురోగం ఉన్నవాళ్లను ఎక్కించుకోనక్కర్లేదన్న నిబంధన కూడా ఉంది. ప్లేగు రోజుల్లో దాన్ని ప్రయాణికుల మీద ఎంత కటువుగా వాడారో బొంబాయి, పూనా వైపు జనం చాలా కాలం గుర్తుంచుకున్నారు.

ఆడవాళ్ల విషయంలో 1890 చట్టం అప్పటి కాలానికి ముందుంది. ప్రయాణికుల బండి ప్రతిదాంట్లోనూ అన్నిటికంటే తక్కువ తరగతిలో కనీసం ఒక గది ఆడవాళ్లకే కేటాయించాలి. బండి 50 మైళ్లకు మించి పోయేదైతే ఆ గదిలో మరుగుదొడ్డి ఉండాలి. మగవాడు అందులోకి చొరబడితే 100 రూపాయల దాకా జరిమానా. మిగతా మూడో తరగతి డబ్బాలకు మరుగుదొడ్లు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. అన్ని గంటల ప్రయాణంలో జనం ఎంత అవస్థ పడి ఉంటారో తలుచుకుంటే కోపం వస్తుంది. రైల్వేలకు ప్రయాణికుల మీద వచ్చే రాబడిలో పెద్ద భాగం తెచ్చింది ఆ మూడో తరగతి మనుషులే.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది 109వ సెక్షన్ దగ్గర. నిండిన డబ్బాలోకి ఎక్కి, రైల్వే ఉద్యోగి దిగమన్నా దిగకపోవడం తప్పని అందులో ఉంది. నిండని డబ్బాలోకి ఎక్కబోయే మనిషిని అడ్డుకోవడం కూడా తప్పే. దానికి 20 రూపాయల దాకా జరిమానా. ఎవరు ఎక్కబోతున్నారు, ఎవరు అడ్డుకుంటున్నారు, వాళ్ల కులమేమిటి అని సెక్షన్ అడగలేదు. టిక్కెట్టు ఉందా, చోటుందా అన్న రెండే ప్రశ్నలు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టి నడవాల్సిన వెట్టి మనిషికి మంచిర్యాలలో కొన్న మూడో తరగతి టిక్కెట్టుతో ఏ రెడ్డి పక్కనైనా కూర్చునే హక్కు చట్టం ప్రకారం ఉంది. అప్పటి తెలంగాణ పల్లెలో ఏ సర్కారు కాగితమూ అతనికి అంత స్పష్టంగా రాసివ్వలేదని నా నమ్మకం.

వాస్తవంలో ఆ హక్కు ఎంతమంది వాడుకోగలిగారు అన్నది వేరే సంగతి. డబ్బాలో ఒక మూలకు జరిగి కూర్చోమని చెప్పడానికి చట్టం అవసరం లేదు, ఒక చూపు చాలు. దేశంలో స్టేషన్లలో హిందువుల నీళ్లు వేరు, ముస్లింల నీళ్లు వేరు అని పిలిచి పోసేవాళ్లు. దళితులకు ఎవరు పోశారో ఎక్కువమంది రాయలేదు. పైగా రైల్వేలు తామే కొన్ని గదులను యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు విడిగా పెట్టాయి. కులాన్ని పట్టించుకోని చట్టం తెల్లతోలును మాత్రం పట్టించుకుంది. అయినా ఒకే పలక మీద భుజం భుజం రాసుకుంటూ కాజీపేట దాకా పోవడం చిన్న విషయం కాదు. పల్లెలో జరగని పని డబ్బాలో జరిగింది.

టిక్కెట్టు లేకుండా మోసం చేయాలని ఎక్కితే ఛార్జీతో పాటు 100 రూపాయల దాకా జరిమానా పడేది. మూటల విషయంలో కూడా చట్టం ఖచ్చితంగా ఉంది. సామాను బుక్ చేసి రసీదు తీసుకుంటేనే రైల్వేది బాధ్యత, లేకపోతే పోయిన మూట పోయినట్టే. బంగారం, వెండి, నగల్లాంటివి 100 రూపాయల విలువ దాటితే ముందే చెప్పి రాయించాలి. చెప్పకపోతే పోయినప్పుడు ఏమీ రాదు. జంతువుల లెక్క చూడండి. మనిషి విలువ కట్టి చెప్పకపోతే దారిలో ఏనుగు చచ్చినా రైల్వే ఇచ్చేది 500 రూపాయలకు మించదు. ఎద్దుకు, బర్రెకు 50. మేకకు, గొర్రెకు 10. మాల్ గోదాంలో సరుకు దించుకోవడం ఆలస్యమైతే డెమరేజీ అనే ఆలస్యపు రుసుము కట్టాలి. నష్టపరిహారం కావాలంటే ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా అడగాలి. చదువురాని రైతు ఆరు నెలల్లో అర్జీ ఎవరిచేత రాయించుకుంటాడు? స్టేషన్ బయట అర్జీలు రాసేవాళ్లకూ దళారులకూ పని దొరికింది ఇక్కడే.

పట్టాల పక్క పల్లెలకు వచ్చిన మరో చిక్కు పశువులది. అడవిలో విచ్చలవిడిగా మేసిన మందలకు కంచె అంటే ఏం తెలుసు? పట్టాల మీదికి పశువు వస్తే బందెలదొడ్డికి తోలడమే కాక యజమానికి ఒక్కో పశువుకు 5 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. రైలు వస్తుండగా గేటు తెరిస్తే 50 రూపాయలు. "గేటు పడ్డది" అన్న మాట మన వాడుకలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఎడ్లను ఆపి, మూపురాల మీద చెయ్యేసి నిలబడటం రైతు నేర్చుకున్నాడు. నేర్పింది జరిమానా ఒక్కటే కాదు. చూస్తుండగా బండి కింద పడిన పశువుల కళేబరాలు కూడా నేర్పాయి.

బండ్లు నడిపే నియమాల్లో చాలావాటి వెనక మనుషుల చావులూ అవస్థలూ ఉన్నాయి. 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్–మాంచెస్టర్ లైను ప్రారంభోత్సవం నాడే మాజీ మంత్రి విలియం హస్కిసన్ పట్టాల మీదికి దిగి రాకెట్ అనే ఇంజన్ కింద పడ్డారు. బండి ఆగిందని మధ్యలో దిగకూడదన్న నియమానికి అదొక మొదటి పాఠం. 1844లో బ్రిటన్ పార్లమెంటు పేదల కోసం ఒక చట్టం చేసింది. రోజుకు ఒక్క బండైనా మైలుకు పెన్నీకి మించని ఛార్జీతో, గంటకు కనీసం 12 మైళ్ల సగటు వేగంతో, పైకప్పూ కూర్చోవడానికి పలకలూ ఉన్న డబ్బాలతో నడపాలని శాసించింది. అంటే అప్పటిదాకా పేదలు ఎండావానల్లో నిలబడి పోయారని అర్థం. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మాలో విహారానికి పోతున్న బండి ఎత్తు మీద ఆగిపోయింది. దాన్ని రెండు ముక్కలు చేస్తే వెనక ముక్క పల్లానికి జారి వచ్చే బండిని గుద్దుకుంది. 80 మంది పోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. ఆ ఏడే బ్రిటన్‌లో బండంతటికీ ఒకేసారి పడే బ్రేకులు, రెండు స్టేషన్ల నడుమ ఒక్క బండే ఉండాలన్న బ్లాక్ పద్ధతి తప్పనిసరి అయ్యాయి. నిజాం రైలు బెజవాడ చేరింది సరిగ్గా ఆ ఏడే.

ఒంటి పట్టా లైన్ల మీద ఆ బ్లాక్ నియమం కంటికి కనపడే రూపం ఒకటుండేది. ముందు స్టేషన్‌ను తంతి మీద అడిగి, దారి ఖాళీగా ఉందన్న జవాబు వచ్చాక లైన్ క్లియర్ కాగితం రాసి డ్రైవరుకు ఇచ్చేవారు. తర్వాత యంత్రాలు వచ్చాయి. రెండు స్టేషన్లలో రెండు ఇనుప పెట్టెలు, మధ్య కరెంటు తీగ. అవతలి మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి పెట్టెలోంచి రెండు ఊళ్ల పేర్లు చెక్కిన ఇనుప గోళం బయటికొస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది ఏ పెట్టెలోంచీ రాదు. గోళాన్ని తోలు సంచిలో వేసి, సంచికి పెద్ద వలయం కట్టి, ఆగని బండి పోతుంటే స్టేషన్ మనిషి ఎత్తి పట్టుకుంటాడు. ఇంజన్ మీది మనిషి చెయ్యి చాచి వలయంలో దూర్చి లాక్కుంటాడు. పాత గోళాన్ని అదే క్షణంలో కిందికి విసురుతాడు. గోళం చేతిలో లేకుండా డ్రైవరు ముందుకు పోకూడదు. ఎవరి హోదా ఎంతైనా సరే.

సిగ్నల్ రెక్క సంగతి కూడా ఇలాంటిదే. అడ్డంగా నిలిస్తే ఆగు, కిందికి వాలితే పో. తీగ తెగిపోతే ఎదురు బరువు వల్ల రెక్క దానంతటదే అడ్డంగా లేస్తుంది. యంత్రం చెడినప్పుడు బండి ఆగిపోయేలా కట్టారు. "సిగ్నల్ పడ్డది" అంటే బండి వస్తోందని ఊరంతటికీ తెలిసేది.

లక్సెట్టిపేట నుంచి స్టేషన్‌కు పోయే దారి బాగుపడటానికి కూడా రైల్వేనే కదలాల్సి వచ్చింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన కిందే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది. రైలూ బస్సూ ఒకే యాజమాన్యం కింద నడపడం దేశంలో అప్పటికి కొత్త. తర్వాతి ఆర్టీసీకి అదే పునాది. పట్టాలు లేని తాలూకాలకు ఆ శాఖ బస్సులు క్రమంగా విస్తరించాయి.

1950 ఏప్రిల్ 1న నిజాం స్టేట్ రైల్వే భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. కంచెకు అవతలా ఇవతలా వేర్వేరు అధికారాలన్న ముచ్చట అప్పటికే ముగిసింది. 1951 నవంబరులో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. మూడో తరగతి అన్న పేరు 1974లో తీసేశారు. 1890 చట్టం మాత్రం నిండా వందేళ్లు బతికింది. 1989లో చేసిన కొత్త చట్టం 1990 జులై 1న అమల్లోకి వచ్చాకే అది రద్దయింది. కొత్త చట్టంలో గొలుసు లాగితే జరిమానా 1000 రూపాయల దాకా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. పొగతాగితే 100 రూపాయలు. ఆడవాళ్ల గది నియమం, డబ్బాకు ఇంతమందే అన్న నియమం కొత్తదాంట్లోనూ ఉన్నాయి. పండుగ రోజుల్లో మంచిర్యాల నుంచి కాజీపేట వైపు జనరల్ డబ్బాలో పోయిన ఎవరినైనా అడగండి, గోడ మీద రాసిన అంకెకూ లోపల నిలబడ్డ మనుషులకూ పొంతన ఎంతో చెబుతారు. 1890లో రాసిన ఆ ఒక్క నియమాన్ని మన రైల్వే ఇంతవరకూ నిలబెట్టుకోలేదు.

(వచ్చే భాగం: బెల్లంపల్లి బొగ్గు, బావుల వెంట పుట్టిన బస్తీలు)